మిరప కల్లంలో బిల్లు

తాలు కాయలు ఏరే చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని అర్ఫాకు ఎవరూ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. కల్లంలో కూర్చున్న పావుగంటకే ఆమె లేచి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని నీళ్ళ బిందె దగ్గరికి పరిగెత్తింది. తొమ్మిది మంది కూలీ ఆడవాళ్ళూ పని ఆపి మరీ నవ్వారు.

"నీళ్ళు కాదమ్మాయ్, నీళ్ళు కాదు! ఇంకా మండుద్ది. మజ్జిగలో గుడ్డ తడిపి పెట్టుకో," అని అరిచింది సుబ్బరావమ్మ.

ఎర్రబడ్డ కళ్ళతో అర్ఫా కూడా నవ్వింది. పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. ఈ ఇంట్లో ఆమెకు ముచ్చట కానిది ఇంతవరకూ ఏదీ లేదు. భర్త ముబీన్ మార్టూరులో గ్రానైటు రాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్ నుంచి జుట్టంతా తెల్లపొడితో ముసలాయనలా ఇంటికి రావడం ముచ్చట. మామ బుడే ఏదన్నా కావాలంటే అడగకుండా గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గడం ముచ్చట. కౌలుకు తీసుకున్న మూడెకరాల మిరప ఇలా కల్లం నిండా ఎర్రగా పరుచుకుని ఉండటం మరీ ముచ్చట. అత్త సఫూరా వద్దన్నా, కూలీల వరసలో చివరన తనూ ఒక గోనె పరుచుకుని కూర్చుంది.

పని చూడ్డానికి తేలిక. ఎండిన కాయల గుట్టను ముందుకు లాక్కోవాలి. ఎర్రకాయను ఎడమపక్కకు తోసెయ్యాలి. తెల్లగా మచ్చపడిన తాలు కాయను ఒడిలో వేసుకోవాలి. సుబ్బరావమ్మ చూడకుండానే ఏరుతుంది. ఆమె వేళ్ళకు రంగు తెలుసు. వరసలో అందరికన్నా పెద్దదైన ఖాజాబీ మాత్రం ప్రతి కాయనూ కంటి దగ్గరికి తెచ్చుకుని, తిప్పి చూసి, అప్పుడు వేస్తుంది.

"బీయ్యే చదివావు గదా, ఆ పేపరు చదివి పెట్టు. చేతులు పన్లో ఉన్నై, చెవులు కాళీయేగా," అంది సుబ్బరావమ్మ.

ముబీన్ నిన్న తెచ్చిన పేపరు అన్నం గిన్నె మీద మూతగా వచ్చింది. అర్ఫా దాన్ని దులిపి, రెండో పేజీ చదివింది. శాసనసభ్యుల జీతభత్యాలు, మాజీ సభ్యుల పింఛను పెంచే బిల్లు. చర్చ లేకుండా ఆమోదం. అన్ని పార్టీల మద్దతు.

"అన్ని పార్టీలా?" అంది సుబ్బరావమ్మ. "మొన్న టీవీలో కాయితాలు చించుకుని మొహాన కొట్టుకున్నారు గదా వాళ్ళు?"

"దీనికి మాత్రం చించుకోలేదు."

"ఎవురు పెంచారు?"

"వాళ్ళే, సుబ్బరావమ్మత్తా. సభలో బిల్లు పెడతారు. అనుకూలంగా ఉన్నవాళ్ళు 'అవును' అనాలి. 'అవును' ఎక్కువ వినపడితే అయిపోయినట్టే. సమానం వస్తే స్పీకరు ఓటేస్తాడు."

వరస మొత్తం ఆగింది. ఎండుకాయల గలగల ఆగిపోయింది.

"వాళ్ళ కూలి వాళ్ళే పెంచుకుంటారా?" అని నెమ్మదిగా అడిగింది ఖాజాబీ.

"జీతమే లేకపోతే మనలాంటి లేనివాళ్ళు ఎప్పటికీ ఎమ్మెల్యే కాలేరు గదా, పెద్దమ్మా. అందుకని జీతం పెట్టారు," అంది అర్ఫా, క్లాసులో విన్నది గుర్తు చేసుకుని.

"జీతముండి మాత్రం ఎంతమందిమి అయినాం?" అంది సుబ్బరావమ్మ. అందరూ ఘొల్లుమన్నారు.

"పింఛను మాటేంది?" ఖాజాబీ వదల్లేదు. "నాకు వచ్చే నెల, వచ్చే నెల అంటన్నారు. ఊళ్ళో ఎవురన్నా పోతే ఆ పేరు తీసి నాది రాస్తారంట. వాళ్ళక్కూడా అంతేనా, ఒకళ్ళు పోతేనే ఇంకొకళ్ళకా?"

"కాదు పెద్దమ్మా. ఒక్కసారి గెలిచినా చాలు. బతికినన్నాళ్ళూ ఇస్తారు."

"ఎవురి డబ్బులు?"

"మనవే. సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా, సినిమాకి పోయినా పన్ను కడతాం."

ఖాజాబీ చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి, ఎటు వెయ్యాలో మర్చిపోయినట్టు పట్టుకుని కూర్చుంది. సుబ్బరావమ్మ మాత్రం ఒడిలోని తాలు కాయలు గంపలో గుమ్మరించి, నడుముకు కొంగు చుట్టుకుని లేచింది.

"అయితే మనమూ పెడదాం బిల్లు. అర్ఫమ్మే స్పీకరు. ఎక్కమ్మా, ఎక్కు!"

ఇద్దరు ముగ్గురు చేతులు పట్టి లాగి, అర్ఫాను గోనెసంచుల దొంతర మీద కూర్చోబెట్టారు. ఆమెకు నవ్వాగలేదు. తలమీది చెంగు సర్దుకుని, గొంతు పెద్దది చేసి, "సభ్యులు కూర్చోవాలి, కూర్చోవాలి," అంది.

"అధ్యక్షా!" అంది సుబ్బరావమ్మ, అచ్చం టీవీలో లాగే వేలు చూపిస్తూ. "ఈ కల్లంలో మా కూలి రోజుకు నలభై. రేపట్నించీ యాభై చెయ్యాలని బిల్లు పెడుతున్నా."

"పింఛను గూడా పెట్టు!" అని ఎవరో అరిచారు.

"ఒక్క కారు పంట ఏరినా చాలు, బతికినన్నాళ్ళూ ఏటా వీశెడు మిరపకాయలు పింఛను!"

"అనుకూలంగా ఉన్నవాళ్ళు 'అవును' అనండి," అంది అర్ఫా.

తొమ్మిది గొంతులు ఒక్కసారిగా లేచాయి. పక్క కల్లంలో టార్పాలిన్ పట్టాల మీద వాలిన కాకులు ఎగిరిపోయాయి.

"వ్యతిరేకంగా ఉన్నవాళ్ళు?"

ఎవరూ లేరు. అర్ఫా అరచేత్తో మోకాలి మీద చరిచింది. "బిల్లు ఆమోదం పొందింది!"

ఆ సాయంత్రం ముబీన్ తల కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ అదంతా నటించి చూపించింది. సబ్బు నురగ నోట్లోకి పోయేంతగా నవ్వాడతను.

మర్నాడు పొద్దున తూర్పున మబ్బు పట్టింది. మార్చి నెలలో పట్టకూడని మబ్బు. బుడే తెల్లారకముందే లేచి, కల్లం చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజ గలగలమంటోంది. ఎండింది. ఇంకో నాలుగు రోజులు ఏరితే బస్తాలకెత్తొచ్చు. గుంటూరు లారీతో మాట అయిపోయింది.

కూలీలు వచ్చారు. కల్లం అంచున కట్టిన తాడు దగ్గరే ఆగారు.

"రండమ్మా, మబ్బు చూశారు గదా. తొరగా కూర్చోండి," అన్నాడు బుడే.

"కూర్చుంటాం బుడేఅన్నా. యాభై అని ఒక్కమాట అను," అంది సుబ్బరావమ్మ.

"ఏం యాభై?"

"నిన్న బిల్లు పాసయ్యింది. నీ కోడలే స్పీకరు."

బుడే నవ్వబోయాడు. వరసగా నిలబడ్డ మొహాలు చూసి ఆగిపోయాడు. మజ్జిగ కుండతో అప్పుడే వస్తున్న అర్ఫా వైపు తిరిగాడు. ఆ చూపుకి అర్ఫా కుండ ఎక్కడ దింపాలో తెలియక చంకలోనే పెట్టుకుని నిలబడిపోయింది.

"అత్తా, అది మనం నవ్వులాటకి..." అంది.

"నవ్వులాట నీకు, అమ్మాయ్. ఇంటికి పోయి పడుకున్నాక నాకు నిద్ర పట్టలా," అంది సుబ్బరావమ్మ. గొంతులో కోపం లేదు. "నలభైకి మూడేళ్ళయ్యింది. బియ్యం అప్పటి ధరకే ఉన్నాయా? బస్సు టిక్కెట్టు ఉందా? వాళ్ళు హైదరాబాదులో 'అవును' అన్నారు. వచ్చింది. మేమూ అన్నాం."

"వాళ్ళు జనం సొమ్ము తింటున్నారు, మీరు నా సొమ్మా?" అన్నాడు బుడే. మెడ మీద నరం తేలింది. "నా కల్లంలో, నా కోడల్ని కూర్చోబెట్టి, నన్నొక్కమాట అడక్కుండా! పోండి. మేమే ఏరుకుంటాం."

వాళ్ళు పోలేదు. తాడుకు అవతల తుమ్మచెట్టు కింద కూర్చున్నారు.

బుడే, సఫూరా, అర్ఫా గుట్ట ముందు కూర్చున్నారు. మధ్యాహ్నం కబురందుకుని ముబీన్ కూడా సగం రోజు వదులుకుని వచ్చాడు. నలుగురూ వంచిన నడుం ఎత్తకుండా ఏరారు. సఫూరా చేతులు సుబ్బరావమ్మ చేతుల కంటే వేగంగా ఆడుతున్నాయి. ఎర్రకాయ కుప్పగా పోతోంది, తాలు ఒడిలోకి పోతోంది, కళ్ళు మాత్రం మబ్బు మీద ఉన్నాయి. అర్ఫా వేళ్ళ సందుల్లో మంట పుట్టి మణికట్టు దాకా పాకింది. చేతుల గోరింటాకు ఇంకా పోలేదు. ఆ ఎరుపు ఏదో, మంట ఎరుపు ఏదో తెలియడం లేదు.

"ఇంటికొచ్చి నెల కాలా," అంది సఫూరా, ఎవరితోనో అన్నట్టు. "ముప్పై ఏళ్ళల్లో ఈ కల్లం అంచున కూలీలు నిలబడ్డం నేను చూళ్ళా."

అర్ఫా ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. పొద్దు గూకేసరికి నలుగురూ కలిసి ఏరింది రెండు బస్తాలు. మిగిలిన గుట్టలు నిన్న ఉన్నంత పెద్దవిగానే కనిపించాయి.

కాయల మీద పట్టాలు కప్పుతూ ముబీన్ ఒక కొస, అర్ఫా ఒక కొస పట్టుకున్నారు. రాయి పెట్టడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు. వేరే రోజైతే తలలు తగిలినందుకు నవ్వుకునేవాళ్ళు.

"నువ్వు నవ్వులాటకే అన్నావని నాకు తెలుసు," అన్నాడతను. "రేపు వాళ్ళతో ఆ మాట చెప్పు. గట్టిగా చెప్పు. నాన్న మనసు కుదుటపడుద్ది."

అర్ఫా పట్టా కొసను రాయి కిందికి దోపింది. "నవ్వులాటకే కూర్చున్నాను. కానీ చెయ్యి చరిచి ఆమోదం అన్నప్పుడు నవ్వులాట కాదేమో అనిపిస్తోంది."

ముబీన్ రాయి సర్దేసి ముందు నడిచాడు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరి మధ్యా మాట లేకుండా గడిచిన మొదటి సాయంత్రం అది.

మూడోరోజు మబ్బు దిగి వచ్చింది. గాలి ఆగింది. ముబీన్ మళ్ళీ మానితే యూనిట్‌లో పేరు కొట్టేస్తారని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కల్లంలో బుడే పట్టాలు విప్పాలా వద్దా అని ఒకసారి ఆకాశాన్నీ, ఒకసారి గుట్టల్నీ చూస్తున్నాడు. తుమ్మచెట్టు కింద తొమ్మిది మందీ అప్పటికే వచ్చి కూర్చున్నారు. వాన పడితే వాళ్ళ పనీ పోతుంది. రంగు పోయిన కాయను ఎవరూ ఏరించరు.

అర్ఫా తాడు దాటి వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వెనక నుంచి సఫూరా "అర్ఫా!" అని పిలిచింది. ఆమె ఆగలేదు.

"అత్తా, సభ మళ్ళీ పెడదాం," అంది సుబ్బరావమ్మతో. "మొన్నటి సభలో ఒక లోటుంది. ఇచ్చేవాడు సభలో లేడు. పేపర్లో మనకు కోపం తెప్పించింది అదే గదా."

సుబ్బరావమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "మీ మావ పంపాడా?"

"ఆయన నాతో నిన్నట్నుంచీ మాట్లాడలేదు."

సుబ్బరావమ్మ లేచి చీర దులుపుకుంది. "పద."

బుడే మొదట మొహం తిప్పుకున్నాడు. అందరూ వచ్చి గుట్టల నడుమ గుండ్రంగా కూర్చుని, ఒక మనిషికి చోటు వదిలి చూస్తుంటే, రెండుసార్లు దగ్గి, తలగుడ్డ తీసి ఆ చోట పరుచుకుని కూర్చున్నాడు. అర్ఫా ఈసారి సంచుల మీద కూర్చోలేదు. నిలబడింది. 

"చెప్పండి మావయ్యా."

"ఏం చెప్పాలి? హైదరాబాదులో వాళ్ళని నేను అడగలేను. ఎవురి జేబులోదని అడగాలంటే వాళ్ళు కనపడాలి గదా. మీరు కనపడుతున్నారు, అడుగుతున్నా." బుడే అందరి వైపూ చూశాడు. "కౌలు ముందే కట్టా. మందులు అరువు తెచ్చా. గుంటూరులో కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు కాయలు విరిచి, ఒక ధర అంటాడు. నేను తలూపుతా. నా కూలి నేను పెంచుకునే సభ ఎక్కడుందో చెప్పండి, నేనూ పోతా."

సుబ్బరావమ్మ నేల మీది కాయ ఒకటి తీసి విరిచి చూసింది.

"డబ్బు గురించి గాదు," అన్నాడు బుడే, గొంతు తగ్గించి. "నన్నడగలా. అదీ."

"నలభై అన్నప్పుడు నువ్వు మమ్మల్ని అడిగావా అన్నా?" అంది సుబ్బరావమ్మ. "ఆ బిల్లు నువ్వొక్కడివే పాసు చేశావు గదా."

 బుడే ముందున్న కాయల్ని వేలితో కదిలించాడు. "సరే. నలభై అయిదు. ఊళ్ళో ఎవురూ అదీ ఇవ్వటం లా."

"యాభై," అంది సుబ్బరావమ్మ.

"నాకు నలభై అయిదు చాలు," అన్న మాట వరస చివర నుంచి వచ్చింది. ఖాజాబీ. అందరూ అటు తిరిగారు.

"ఏందక్కా నువ్వు? మొన్న 'అవును' అంటివిగా!"

"మొన్న అందరూ అన్నారని అన్నా." ఖాజాబీ కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది. "మీ చేతులు ఆడతాయి. నా చెయ్యి ఆడదు. నలభై అయితే పోనీలే ముసల్దని పన్లోకి పిలుస్తారు. యాభై పెట్టేవాడు యాభైకి తగ్గ మనిషిని చూసుకుంటాడు. పింఛను రాదు, కూలీ రాదు."

ఆమె పక్కన కూర్చున్న ముగ్గురు పెద్దవయసు వాళ్ళు తలలు దించుకున్నారు.  ఆకాశంలో ఎక్కడో దూరంగా ఉరిమింది.

"ఓటు పెట్టు," అన్నాడు బుడే.

అర్ఫా చేతులెత్తమంది. నలభై అయిదుకు ఖాజాబీ, ఆ ముగ్గురు, బుడే. యాభైకి సుబ్బరావమ్మ, ఇంకో నలుగురు. అయిదూ అయిదు.

"సమానం వస్తే స్పీకరు ఓటేస్తాడని చెప్పావు గదా. నీదే ఇక," అంది సుబ్బరావమ్మ.

అర్ఫా ఇద్దరినీ చూసింది. ఒకవైపు మామ తలగుడ్డ లేని నెత్తి. రెండోవైపు సుబ్బరావమ్మ చూపు, పక్కకు తిరగని చూపు. ఏది అన్నా సాయంత్రం ఈ ఇంట్లోకే వెళ్ళాలి. రేపు ఈ కల్లంలోకే రావాలి.

"నేను ఓటెయ్యలా ఇంకా."

సఫూరా పట్టాల దగ్గర నిలబడి ఉంది. నడుముకు కొంగు దోపుకుంది.

"నీకెందుకే ఓటు?" అన్నాడు బుడే. "ఇది కూలోళ్ళకీ, ఇచ్చేవాడికీ మధ్య సంగతి. నా ఓటులోనే నీదుంది."

"స్పీకర్ని అడుగుతున్నా," అంది సఫూరా.

నిన్నంతా తనను మాటలతో పొడిచిన మనిషి. ఓటు ఇస్తే అది ఎటు పోతుందో అర్ఫాకు అనుమానం లేదు. ఇవ్వనంటే యాభై తన చేతిలో ఉంది. అయినా నిన్న పక్కన కూర్చుని చూసిన ఆ చేతులు, కళ్ళతో పనిలేకుండా రంగు గుర్తుపట్టే ఆ వేళ్ళు గుర్తొచ్చాయి.

"ఈ కల్లంలో తాలు ఏరిన ప్రతి మనిషికీ ఓటుంది," అంది.

"చంపావు!" అంది సుబ్బరావమ్మ, చెయ్యి నేలకు కొట్టి. బుడే మొహం విచ్చుకుంది. పక్కకు జరిగి, తన తలగుడ్డ మీద భార్యకు చోటు ఇచ్చాడు.

సఫూరా వచ్చింది. గుట్టల మధ్య నుంచి, ఒక్క కాయనూ తొక్కకుండా నడిచి వచ్చింది. బుడే పక్కన ఆగలేదు. వరస చివరికి పోయి ఖాజాబీ పక్కన కూర్చుంది.

"యాభై," అంది. "ఖాజాబీ నా పక్కనే కూర్చుంటది. ఏ కల్లం అయినా సరే, ఆమెను ఎవురన్నా వద్దంటే నేనూ రానని చెప్పు సుబ్బరావమ్మా, నువ్వూ రానని చెప్పు. ఆమెకు చెయ్యి ఆడనప్పుడు నా కాయ ఆమె గుట్టలో వేస్తా. ముప్పై ఏళ్ళనించీ ఏరుతున్నా. నా గుట్ట ఎంతయిందని ఎవురు చూశారు?"

బుడే తలగుడ్డ మీద ఖాళీగా మిగిలిన చోటును చూశాడు. సుబ్బరావమ్మ నేలకు కొట్టిన చేతిని తిప్పి, అంటుకున్న కాయ తొక్కలు దులుపుకోవడం మర్చిపోయింది. ఖాజాబీ మాత్రం సఫూరా మోకాలి మీద చెయ్యి వేసి, కాసేపటికి యాభైకని ఆ చేతినే పైకెత్తింది.

"ఇంక చాల్లే," అన్నాడు బుడే లేస్తూ. ఎవరితో అన్నాడో తెలియలేదు. "వాన వచ్చేట్టుంది. కూర్చోండి."

ఆ రోజు కల్లంలో మాటల్లేవు. ఎండుకాయల గలగల ఒక్కటే. మధ్యాహ్నం నాలుగు చినుకులు రాలాయి. అందరూ ఒకేసారి లేచి పట్టాలు లాగారు, ఎవరు కూలీలో ఎవరు ఇంటివాళ్ళో తెలియకుండా. మబ్బు మార్టూరు వైపు కొట్టుకుపోయింది. మళ్ళీ విప్పి ఏరారు. పొద్దు గూకేసరికి పదకొండు బస్తాలు నిలబడ్డాయి.

బుడే బస్తా మీద కూర్చుని కూలి ఇచ్చాడు. సుబ్బరావమ్మకు యాభై. ఆమె నోటు మడిచి జాకెట్టులో పెట్టుకుని, "రేపు పెందలాడే వస్తాం అన్నా," అంది. వరసగా అందరికీ ఇచ్చాడు. ఖాజాబీ నోటును కంటి దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. ఆమె వెనక ఎవరో నిలబడి చెయ్యి చాపారు. బుడే నోటు తీసి ఇవ్వబోయి, తలెత్తాడు. సఫూరా.

"నీకేందే?"

"కూలి."

బుడే ఎవరితోనన్నా కలిసి నవ్వుదామని అటూ ఇటూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదు.

"ఇంట్లో డబ్బేగా. నీ దగ్గరున్నా నా దగ్గరున్నా ఒకటే."

"ఒకటే అయితే నా దగ్గర ఉండనీ."

చాపిన చెయ్యి కదల్లేదు. అరచెయ్యంతా ఎర్రగా పొక్కి, వేళ్ళ చివర తోలు లేచి ఉంది. బుడే ఆ చేతిని మొదటిసారి చూస్తున్నట్టు కాసేపు చూశాడు. నోటు దాని మీద పెట్టాడు. సఫూరా కొంగుకు ముడి వేసుకుని, గోనెలు దులపడానికి వెళ్ళిపోయింది.

అప్పుడు అతను కోడలి వైపు తిరిగాడు. సభలో మాట తప్పిస్తే, రెండు రోజుల తర్వాత ఆమెతో మొదటి మాట. "నీకెంత మరి? నువ్వే చెప్పు. స్పీకరువి గదా."

అర్ఫా వేళ్ళు మండుతున్నాయి. యాభై అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాది నేను చెప్పను మావయ్యా. మీరూ చెప్పొద్దు. నా పని చూసినవాళ్ళని అడగండి."

సుబ్బరావమ్మ వెళ్ళబోతున్నదల్లా వెనక్కి వచ్చింది. అర్ఫా ఏరి పెట్టిన ఎర్రకాయల గుట్ట దగ్గర కూర్చుని చెయ్యి పెట్టి కలిపింది. ఒక తెల్లకాయ పైకి తీసింది. ఇంకొకటి. మరొకటి. నాలుగోది తీసి పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది.

"ఇరవై అయిదు," అంది. "అనుకూలంగా ఉన్నవాళ్ళు?"

"అవును!" అన్నారు అందరూ. సఫూరా గొంతు అందరికన్నా గట్టిగా వినిపించింది.

"వ్యతిరేకంగా ఉన్నవాళ్ళు?"

అర్ఫా నోరు తెరిచింది. సుబ్బరావమ్మ పక్కన పెట్టిన నాలుగు తాలు కాయల్ని చూసింది. నోరు మూసుకుని, చెయ్యి చాపింది.